ఊటీ నుంచి తెచ్చుకున్న రక్తం

26 మార్చి 2003, బుధవారం

మాణిక్యం ఊటీ నుంచి వచ్చేసింది. ఆరు వారాల పరుగుల క్యాంపు. జట్టు ఎంపిక పోటీ చెన్నైలో కాబట్టి ఎండకి అలవాటు పడాలని, అక్కడి కోచ్, కేరళావిడ సూసన్ మేడమ్ గారు తన శిష్యురాలిని మూడు వారాల ముందే భీమవరం పంపించారు. తన శిష్యురాలట! మొగల్తూరులో స్కూలు ఆటల పోటీలకి జడ్జిగా వెళ్ళి, చెప్పుల్లేకుండా అందరికన్నా అరరౌండు ముందొచ్చిన పన్నెండేళ్ళ పిల్లని పట్టుకొచ్చింది నేను. ఎనిమిదేళ్ళు పొద్దున్నే గ్రౌండులో నిలబడింది నేను. ఆవిడ నిలబడింది ఆరు వారాలు.

ఇవాళ కిలోమీటరు చొప్పున ఆరుసార్లు పరిగెత్తించాను. జనవరిలో కిలోమీటరు మూడు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. ఇవాళ మూడు నిమిషాల ఎనిమిది. ఆరోసారి కూడా అదే! అయ్యాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోలేదు. ఒంగలేదు. అంతకుముందు మధ్యలో ఓసారి నీళ్ళ సీసా కోసం చూసింది. నా దగ్గర పరుగు మధ్యలో నీళ్ళు ఉండవని దానికి తెలియదా?

"ఏం పెట్టారే అక్కడ?" అన్నాను.

"గాలండి మాస్టారూ," అని నవ్వింది. "ఏడువేల అడుగుల ఎత్తు కదండీ, గాలి పల్చగా ఉంటది. గాలి చాలక ఒళ్ళే రక్తం ఎక్కువ చేసుకుంటదంటండి. మేడమ్ గారు చెప్పారు."

గాలి తక్కువైతే బలం వస్తుందట. తొంభైఐదులో మా రెండెకరాల చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయి ఆక్సిజన్ పడిపోతే, తెల్లారేసరికి రొయ్యలన్నీ పైకి తేలిపోయాయి. ఒక్కటి కూడా బలపడి లేవలేదు. ఈ కబుర్లు ఆవిడ కేరళలో చెప్పుకోవాలి గాని, చెరువులున్న ఊళ్ళో చెప్పకూడదు.

ఆవిడ నాలుగు కాయితాలు రాసి పంపింది. మూడు కాయితాల నిండా ఇంగ్లీషు ఉపన్యాసం. నాలుగోది ఏ రోజు ఎన్ని రౌండ్లో పట్టిక. పట్టిక చూశాను, మిగతాది పక్కన పడేశాను. ముప్ఫైరెండేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసినవాడికి ఉపన్యాసాలు అక్కర్లేదు.

27 మార్చి, గురువారం

ఎడమ మోచేతి మడతలో నల్లగా కమిలి ఉంది. "ఏంటమ్మా ఇది?" అంటే, వారం వారం రక్తం తీసేవారంది. ఊరుకున్నాను. కాసేపాగి తనే అంది, "మూడు ఐరన్ ఇంజక్షన్లు కూడా ఇచ్చారండి" అని.

ఇంజక్షన్లు.

"డాక్టరు చీటీ ఏది?" అన్నాను. మేడమ్ గారి ఫైల్లో ఉందట. ఉంటుంది మరి, ఎందుకుండదు?

బుజ్జిబాబుని కూడా నేనే తయారుచేశాను. ఎనభైతొమ్మిదిలో ఎవడో పెద్ద కోచ్ వచ్చి తీసుకెళ్ళాడు. సూదులు పొడిచి పొడిచి రెండేళ్ళలో ఇంటికి పంపించాడు. ఇప్పుడు రొయ్యల మేత కొట్లో కూర్చుంటాడు. నన్ను చూస్తే తల దించుకుంటాడు, వాడిదేదో తప్పైనట్టు.

28 మార్చి, శుక్రవారం

అనుమానం తీరాలిగా. మాణిక్యాన్ని అచ్చిబాబు ల్యాబుకి తీసుకెళ్ళాను. జనవరిలో రక్తం పదీ పాయింట్ ఎనిమిది. ఇవాళ పదమూడూ పాయింట్ తొమ్మిది.

అచ్చిబాబు రెండుసార్లు చేసి చూశాడు. పిల్ల బయట కూర్చున్నాక, "మూడు పాయింట్లా! మా ఆవిడకి ఏడాది నించీ టానిక్కులు తాగిస్తున్నా తొమ్మిది దాటట్లేదండి మాస్టారూ," అన్నాడు.

"సూదితో పెంచొచ్చా?" అన్నాను.

"కిడ్నీలు పోయినవాళ్ళకి ఇస్తారండి ఓ మందు. దెబ్బకి పెరుగుద్ది. అయినా ఈ పిల్లకెందుకిస్తారండి? ఐరన్ ఎక్కించినా పెరుగుద్దిగా."

ఆఖరి మాట మర్యాదకి అన్నాడు. వాడి మొహంలో అనుమానం కనిపిస్తూనే ఉంది.

29 మార్చి

ఇవాళ ఐదువేల మీటర్లు. పదహారు నిమిషాల పంతొమ్మిది సెకన్లు. సెలక్షన్ మార్కు పదహారు ఇరవైఐదు. నా గ్రౌండులో, మట్టి ట్రాక్ మీద, ఒక్కతే పరిగెత్తి, ఆరు సెకన్లు మిగిల్చింది. ఎనిమిదేళ్ళ నుంచి ఈ రోజు కోసం చూశాను. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

"పిల్ల బాగా పరిగెట్టిందని ఏడుస్తారేంటండీ?" అంది సూర్యకాంతం. మా ఆవిడకి పరుగు గురించి ఏం తెలుస్తుంది!

31 మార్చి, సోమవారం

సాయంత్రం మాణిక్యం ఎస్టీడీ బూత్ నుంచి ఊటీకి ఫోన్ చేసింది. నన్ను బయట నిలబెట్టి తలుపు వేసుకుంది. ఎనిమిదేళ్ళలో నా ముందు తలుపు వేసుకోవడం ఇదే మొదలు. అద్దం తలుపు సరిగ్గా పడదు. వినాలని వినలేదు, వినిపించింది. వచ్చీరాని ఇంగ్లీషు.

"నో మేడమ్... సార్ డోంట్ నో... ఐ నాట్ టెల్ మేడమ్, ప్రామిస్."

నాకు తెలియకూడనిది ఏముంటుంది? ఇంకేం ఉంటుంది!

బయటికొచ్చి, "మేడమ్ గారు మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారండి," అంది, నా మొహంలోకి చూడకుండా.

2 ఏప్రిల్, ఉగాది

స్వభాను నామ సంవత్సరం మొదలైంది. మాణిక్యం పిన్నిగారింట్లో ఉంటోందిగా, సూర్యకాంతం దాన్ని భోజనానికి పిలిచింది. పచ్చడి పెడుతూ, "ఈ ఏడు నీకు అంతా మంచే జరుగుద్దే," అని దీవించింది. పిల్ల నా కాళ్ళకి కూడా దండం పెట్టింది. కమిలిన మచ్చ ఇంకా పోలేదు.

అది వెళ్ళాక కూర్చుని ఉత్తరం రాశాను. హైదరాబాదులో అసోసియేషన్ సెక్రటరీ గారికి. రక్తం మూడు పాయింట్లు పెరిగిందని, ఊటీ క్యాంపులో సూదులు వేశారని, పరీక్ష చేయించాలని. అంతే. ఒక్క అబద్ధం లేదు.

పేరు పెట్టలేదు. భయపడి కాదు. మాస్టారే రాశాడంటే పిల్ల మనసు కష్టపెట్టుకుంటుంది. దాని మంచి కోసమే. చెన్నైలో పదిమంది ముందు పట్టుబడటం కంటే ఇప్పుడే తేలిపోవడం నయం కదా? బుజ్జిబాబుకి ఇలా రాసేవాడు ఒక్కడుండి ఉంటే!

3 ఏప్రిల్

పోస్టు చేశాను. దాని మంచి కోసమే.

8 ఏప్రిల్, మంగళవారం, హైదరాబాద్

మాణిక్యానికి కబురు వచ్చింది, వచ్చి శాంపిల్ ఇవ్వమని. తండ్రి దొరబాబు చెరువు వదిలి రాలేడు. "తోడు మీరు రండి మాస్టారూ," అని నా చెయ్యి పట్టుకుంది. రానని ఎలా అంటాను?

సెక్రటరీ గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఉత్తరం పైకి చదివారు. నా వాక్యాలు ఆయన గొంతులో వింటుంటే ఫ్యాను కింద కూడా చెమట పట్టింది. "దగ్గరివాళ్ళే రాశారండి. రక్తం సంగతి కూడా తెలుసు," అన్నారు. రిపోర్టు వచ్చేదాకా పోటీలో దిగకూడదట. నెల పట్టొచ్చట.

"పదమూడున చెన్నై ట్రయల్సండి సార్," అంది మాణిక్యం.

"తెలుసమ్మా. ఇలాంటిది వచ్చాక నేనేం చెయ్యను?"

నేను పరీక్ష చెయ్యమన్నాను గాని ఆపమనలేదు. ఉత్తరంలో ఎక్కడా ఆపమని లేదు.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి ఏడ్చింది. "ఎవరండీ అంత పాపిష్టోళ్ళు? నా రక్తం సంగతి ఎవరికి తెలుసండీ?"

"ఫైలు ఎవరి దగ్గరుందమ్మా?" అన్నాను.

ఏడుపు ఆపి నావైపు చూసింది. "మేడమ్ గారి దగ్గర."

"క్యాంపులో నీ పరుగే పరిగెత్తే కేరళ పిల్ల ఎవరన్నా ఉందా?"

"ఉందండి. బిన్సీ అని."

"ఊఁ" అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. ఊఁ అనడం అబద్ధం కాదు.

13 ఏప్రిల్

చెన్నైలో ఇవాళ ట్రయల్స్. మేము భీమవరంలో కాలవ గట్టు మీద పరిగెత్తాం.

21 ఏప్రిల్, సోమవారం

దొరబాబు మొగల్తూరు నుంచి వచ్చాడు. చెరువు దగ్గర నుంచి అలాగే వచ్చేశాడు, పంచె మీద బురద ఇంకా ఆరలేదు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోడు.

"మా పిల్ల తప్పుడు పని చెయ్యదండి మాస్టారూ. ఊళ్ళో అందరూ అడుగుతున్నారండి, మీ అమ్మాయి మందు కొట్టిందంటగా అని. మందంటే ఆళ్ళు సారా అనుకుంటన్నారండి. ఏం చెప్పమంటారు?"

"గాలి తక్కువైతే రక్తం పెరుగుతుందంటే నువ్వు నమ్ముతున్నావా దొరబాబూ? చెరువు చూసేవాడివి, నువ్వు చెప్పు," అన్నాను.

"రొయ్యైతే తేలిపోద్దండి. కొరమీనైతే బతుకుద్దండి. అదే చెరువండి, అదే నీళ్ళండి. నీళ్ళలో గాలి లేపోతే పైకొచ్చి పీల్చుకుని మళ్ళీ కిందికెల్లిపోద్ది. దాని ఒంటికి ఆ తెలివి ఉందండి." ఏమాత్రం ఆలోచించకుండా చెప్పాడు. "మా పిల్ల కొరమీనండి."

సూర్యకాంతం మజ్జిగ తెచ్చి ఇచ్చి, నావైపు అదోలా చూసి లోపలికి వెళ్ళింది.

22 ఏప్రిల్

కొరమీను సంగతి నాకు తెలియనిదేం కాదు. చిన్నప్పుడు గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చేవాళ్ళం, గంటల తరబడి బతికుండేది. ఎందుకు గుర్తు రాలేదో. అయినా చేప వేరు, ఆడపిల్ల వేరు. రిపోర్టు రానీ.

9 మే, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు. ఏ మందూ లేదు. శుభ్రంగా ఉంది.

సంతోషించాను. నిజంగా సంతోషించాను. స్వీట్లు కొనుక్కొచ్చాను. సూర్యకాంతం ముట్టుకోలేదు.

పదిహేడున హైదరాబాదులో దానికొక్కదానికీ మళ్ళీ అవకాశం ఇస్తారట. మార్కు అదే, పదహారు ఇరవైఐదు. మార్చిలోనే పదహారు పంతొమ్మిది కొట్టింది, ఇంకేం? ఏం నష్టం జరిగిందని?

11 మే, ఆదివారం

సూసన్ మేడమ్ నుంచి నాకు ఉత్తరం. ఇంగ్లీషే, కానీ చిన్న చిన్న మాటలు. ఎనిమిదేళ్ళు మీరు వేసిన పునాది లేకపోతే ఊటీ ఏమీ చెయ్యలేకపోయేదని మొదలుపెట్టింది. ఒంట్లో ఇనుము అడుగంటి ఉందని మొదటి వారం పరీక్షలోనే తెలిసిందట, డాక్టరు చీటీలు జతచేసింది. మూడు ఐరన్ ఇంజక్షన్లు, తేదీలతో సహా. ఇన్నేళ్ళూ ఇనుము లేని ఒంటితో ఆ పిల్ల నా గ్రౌండులో పరిగెత్తింది. నేను గమనించలేదు. పదీ పాయింట్ ఎనిమిది అంటే ఆడపిల్లకి మామూలే అనుకున్నాను.

చివర్లో రాసింది: "కొండ మీద సంపాదించుకున్నది కింద నెల రోజులకంటే నిలవదు. నేను పంపిన కాగితాల్లో మొదటి పేజీలోనే రాశాను, మీకు తెలిసే ఉంటుంది. దిగిన ఇరవయ్యో రోజున పోటీ పడేలా లెక్క వేశాను. పదిహేడుకి యాభైనాలుగో రోజు అవుతుంది. దేవుడి దయ."

అలమార కింద నుంచి ఆ కాయితాలు తీశాను. మొదటి పేజీలోనే ఉంది. కింద గీత కూడా గీసింది.

17 మే, శనివారం, హైదరాబాద్

పదహారు ముప్ఫైఒకటి. ఆరు సెకన్లు ఎక్కువ.

అయ్యాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు వంగి ఉంది.

20 మే

జట్టు పేర్లు పేపర్లో వచ్చాయి. మన పిల్ల పేరు లేదు. బిన్సీ పేరు ఉంది.

మాణిక్యం పేపరు మడిచి నా చేతికి ఇచ్చింది. "ఇంక నేను మిమ్మల్ని తప్ప ఎవర్నీ నమ్మనండి మాస్టారూ," అంది.

ఎనిమిదేళ్ళలో ఈ మాట కోసం నేను చెయ్యనిదేముంది!

2 జూన్, సోమవారం

ఊటీ నుంచి మళ్ళీ పిలుపు. తొమ్మిదో తారీఖు నుంచి ఎనిమిది వారాలు. శీతాకాలంలో ఇంకో ఎంపిక ఉంది, దానికి తయారు చేస్తారట. మేడమే స్వయంగా పేరు రాసి పంపింది. మాణిక్యం వెళ్ళనంది. "నా మీద ఉత్తరం రాసినావిడ దగ్గరికి ఎలా వెళ్తానండి?"

దొరబాబు నా దగ్గరికే వచ్చాడు. "మీరు చెప్తే ఇంటదండి. ఈ క్యాంపు పోతే ఇంక పిలవరంటండి. ఇరవయ్యేళ్ళు వచ్చేసినియ్యి. ఇంక ఎన్నాళ్ళు పరిగెడద్దండి?"

వెళ్ళమని చెప్పాను. గట్టిగానే చెప్పాను. కారణం మాత్రం చెప్పలేదు. "మీరు మంచోళ్ళు కాబట్టి అందర్నీ మంచోళ్ళే అనుకుంటారండి," అని నన్నే ఓదార్చింది.

3 జూన్

రేపు చెప్తాను.

4 జూన్

వాన. గ్రౌండు తడిసింది. రేపు చెప్తాను.

5 జూన్

అసలు చెప్పకపోతే ఏం? నా దగ్గరే ఉంటుంది. ఐరన్ బిళ్ళలు నేనూ కొనిపెట్టగలను. కాలవ గట్టు మీద పరిగెత్తి జిల్లాలో, రాష్ట్రంలో మొదటిది వస్తుంది. పదహారు ముప్ఫైఒకటి తక్కువ టైమేం కాదు.

ఇది రాసి, మళ్ళీ చదువుకుని, సిగ్గేసింది.

సూర్యకాంతం ఇవాళ కంచం ముందు పెట్టి అంది: "ఉగాది మర్నాడు పొద్దున్నే పోస్టాఫీసుకెళ్ళారు. పెన్షను కాయితం అన్నారు. పెన్షను నెలకోసారి బ్యాంకుకే వస్తుంది కదండీ." నేను తల ఎత్తలేదు. "అది రేపోమాపో టిక్కెట్టు తీసుకోవాలి," అని లేచి వెళ్ళిపోయింది.

6 జూన్, శుక్రవారం

చెప్పాను.

గ్రౌండులో, పరుగు మొదలవకముందే. అయ్యాక చెబితే అలసిపోయి ఉంటుందని. "ఆ ఉత్తరం రాసింది నేనే మాణిక్యం. మేడమ్ కాదు. బిన్సీ కాదు. నేను," అన్నాను.

నవ్వింది. పంపించడానికి నాటకం ఆడుతున్నానని అనుకుంది పాపం. అప్పుడు ఉత్తరంలో మొదటి నాలుగు వాక్యాలు అప్పచెప్పాను. సెక్రటరీ గారు చదివింది దానికి గుర్తుండే ఉంటుంది. నాలుగో వాక్యానికి దాని మొహం పాలిపోయింది.

"ఎందుకండీ?"

ఇంజక్షన్లు అన్నాను. బుజ్జిబాబు అన్నాను. ఫోను అన్నాను. "తలుపేసుకుని, నాకు చెప్పనని ఒట్టేశావుగా?"

"మీరిచ్చే రౌండ్లు ఎక్కువైపోతున్నాయన్నారండి మేడమ్ గారు. మధ్యలో నీళ్ళు తాగమన్నారు. కాలవ గట్టు మీద మీరు మలుపు అవతలుండేటప్పుడు ఆగి తాగేదాన్నండి. ఆఖరి రెండు రౌండ్లూ నెమ్మదిగా పరిగెట్టేదాన్ని. మీకు తెలిస్తే బాధపడతారు, చెప్పొద్దన్నది కూడా ఆవిడేనండి." "అదండీ నేను దాచింది."

నేను ఆపమనలేదని అన్నాను. నీ మంచి కోసమే అన్నాను. ఆ మాటలు నోట్లోంచి వస్తుంటే నాకే అసహ్యం వేసింది. క్షమించమన్నాను.

"నా పోటీ పోయింది పోయింది," అంది. "కానీ రెండు నెలల నించీ నేను ఆవిడ్ని తిట్టుకుంటున్నానండి. ఆవిడ ఫోన్ చేస్తే మాట్లాడలేదు. మీరు ఊఁ అన్నారు, నేను నమ్మేశాను. రండి, ఆవిడకి మీరే చెప్పండి."

బూత్‌కి తీసుకెళ్ళి నంబరు తనే నొక్కి, రిసీవరు నా చేతికిచ్చి బయట నిలబడింది. తలుపు తెరిచే ఉంచింది. నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. కోప్పడుతుందేమో, తిడుతుందేమో అని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

"అమ్మాయి వస్తోందా?" అని అడిగింది, అంతే.

"వస్తోంది," అన్నాను. ఫోన్ పెట్టేసింది.

బయటికొచ్చాక మాణిక్యం అంది: "ఆదివారం బండికి వెళ్తానండి. నాన్న వస్తాడు తోడు. రేపు పొద్దున్న నేను పరిగెట్టేటప్పుడు మీరు రావద్దండి. ఇంక నా టైము మీరు తియ్యొద్దు మాస్టారూ."

సరేనమ్మా అన్నాను.

7 జూన్, శనివారం

ఐదింటికే మెలకువ వచ్చేసింది. వద్దంది కదా అని పడుకున్నాను. పావుగంట పడుకుని లేచి వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు, గేటు బయట గోడ పక్కన నిలబడ్డాను.

నీళ్ళ సీసా ట్రాక్ పక్కనే, అందరికీ కనపడేలా పెట్టుకుంది. ఐదువేల మీటర్లు మొదలుపెట్టింది. వాచీ ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను గాని, రౌండ్లు లెక్కపెట్టకుండా ఉండటం నాకు చేతకాలేదు. పన్నెండున్నర రౌండ్లు. పన్నెండో రౌండు చివర గేటు వైపు తిరిగింది. చూసిందో లేదో తెలియదు. మిగిలిన అరరౌండు చూడకుండా ఇంటికొచ్చేశాను.